కిబ్లా తప్పిన ఫోను

2023 మే నెల. కడపలో నేను ఫోన్లు రిపేరు చేసే అంగడి పెట్టి అప్పటికి పదకొండేళ్లు. మా నాన్నది కోయిలకుంట్లలో కిరాణా అంగడి. శెట్ల ఇంట్లో పుట్టి స్క్రూడ్రైవరు పట్టుకున్నానని ఆయనకు ఇప్పటికీ కొంత చిన్నతనం.

మా వృత్తికి మంచి పేరు లేదు. డిస్‌ప్లే మార్చడానికి ఫోను విప్పినప్పుడు లోపలి మంచి పార్టులు తీసుకుని పాతవి వేస్తారని జనం గట్టిగా నమ్ముతారు. అదంతా అబద్ధమని నేనూ అనలేను. అలా చేసేవాళ్లను చూశాను. అందుకే వీలైనంతవరకు కస్టమరు కళ్లెదుటే ఫోను విప్పుతాను. ఖాజా మేస్త్రి విషయంలో అది కుదరలేదు. ఆయన పగిలిన ఫోను బల్ల మీద పెట్టి, "నమాజుకు టైమైతాండాది శెట్టీ, పోయొస్తా" అని వెళ్లిపోయాడు. తిరిగొచ్చేలోపు కొత్త డిస్‌ప్లే బిగించేశాను. పాత రబ్బరు కవరు చిరిగిపోయి ఉంటే, ఎంతకీ అమ్ముడుపోని ఒక ఫ్లాప్ కవరు, అంటే పుస్తకం అట్టలా తెరుచుకునేది, ఊరికే ఇచ్చాను. ఆయన సంతోషంగా తీసుకెళ్లాడు.

ఖాజా మేస్త్రికి అరవై దాటాయి. ఊళ్లో సగం గోడలు ఆయన కట్టినవే అంటారు. ఊరి చివర కొత్త కాలనీలో చిన్న మసీదు కట్టాలని అక్కడివాళ్లు అనుకున్నప్పుడు, కొలతలు తీసి పునాదికి ముగ్గు పోసే పని ఆయనకే అప్పగించారు.

మూడో రోజు పొద్దున షట్టరు ఎత్తుతుండగానే వచ్చాడు.

"నా ఫోను దిక్కు తప్పింది శెట్టీ."

నాకు అర్థం కాలేదు. ఆయన ఒక యాప్ తెరిచి చూపించాడు. గుండ్రని పళ్లెంలాంటి బొమ్మ, మధ్యలో ఆకుపచ్చ బాణం. ఫోను ఎటు తిప్పినా బాణం మాత్రం మక్కా ఉన్న వైపే చూపించాలి. నమాజు చేసేటప్పుడు నిలబడే ఆ దిక్కునే కిబ్లా అంటారు.

"నువ్వు రిపేరు చేయకముందు సరిగా చూపిచ్చేది. ఇప్పుడు ఎడమకు పోతాండాది. లోపల ఏం చేసినావు?"

ఆ చివరి మాట నాకు నచ్చలేదు. డిస్‌ప్లేకూ దిక్కుకూ సంబంధం లేదని చెప్పాను. ఫోనులో దిక్కు చూపేది మాగ్నెటోమీటర్ అనే సెన్సర్. నువ్వుగింజంత ఉంటుంది. భూమి అయస్కాంత శక్తిని పసిగట్టి ఉత్తరం ఎటో చెబుతుంది. దాన్ని నేను ముట్టుకోనేలేదు. కవరు తీసి, ఫోను బల్ల మీద పెట్టి చూశాను. బాణం పిచ్చిపట్టినట్టు తిరిగింది. నా సొంత ఫోనులో అదే యాప్ వేసి చూస్తే, అదీ అలాగే తిరిగింది. అది నాకు వింత కాదు. మా బల్ల మీద స్క్రూలు దొర్లిపోకుండా అయస్కాంతపు చాప పరుస్తాం, పక్కనే స్పీకర్లు ఉంటాయి. కానీ మేస్త్రి మొహం మారిపోయింది.

"నీ అంగట్లో ఏ ఫోనూ నిజం చెప్పదన్నమాట," అన్నాడు.

ఆయన్ను రోడ్డు మీదికి తీసుకెళ్లాను. ఫోనును గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు తిప్పాను. దాన్ని కాలిబ్రేషన్ అంటారు, దారి తప్పిన సెన్సర్ సర్దుకోవడానికి. రెండు ఫోన్లూ పక్కపక్కన పెడితే రెండు బాణాలూ ఒకే వైపు నిలిచాయి. పడమరకు కొద్దిగా కుడిగా.

"చూసినావు కదా మేస్త్రీ. బాగానే ఉండాది."

ఆయన చూశాడు, కానీ నమ్మినట్టు లేడు. ఫోనుకు కవరు తొడిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట టైర్ల వ్యాపారం చేసే జిలానీ ఉన్నాడు. మసీదు కమిటీలో గట్టిగా మాట్లాడే మనిషి. రావడంతోనే అంగడి ముందు నిలబడి, నలుగురికీ వినబడేలా అందుకున్నాడు.

"ఏమప్పా శెట్టీ, పెద్దాయన ఫోనులో అసలు సామాను తీసి నకిలీది పెట్టినావంట?"

పక్క అంగళ్లవాళ్లు తలలు బయటపెట్టారు. నాకు ఒళ్లు మండింది. సంగతి ఏమిటంటే, మేస్త్రి ముందురోజే తన ఫోను చూపిన దిక్కుకు మసీదు పునాది ముగ్గు పోశాడు. కూలీలు ఒక వైపు జానెడు లోతు తవ్వారు కూడా. తర్వాత జిలానీ తన ఫోనులో చూసుకుంటే దిక్కు వేరుగా వచ్చింది. మరో ఇద్దరు చూసుకున్నా అంతే. ముగ్గు పడమరకు ఎడమగా పోయింది, కావలసింది పడమరకు కుడిగా. పొద్దున నా దగ్గర్నుంచి వెళ్లి మళ్లీ చూసినా మేస్త్రి ఫోను ఎడమకే చూపిందట.

జిలానీ మేస్త్రి వైపు తిరిగి, "నీ కండ్లు పోయినాయో, నీ ఫోను పోయిందో తేల్చు. రేపు ఊరంతా అడుగుతారు," అన్నాడు.

మేస్త్రి తలెత్తలేదు. అప్పుడు నాకు ఒక అనుమానం కలిగింది. ముసలాయన కొలతలో పొరపాటు చేసి, దాన్ని నా రిపేరు మీదికి నెడుతున్నాడేమో. పొద్దున రోడ్డు మీద సరిగా చూపిన ఫోను సాయంత్రానికి ఎలా తప్పుతుంది? దాని వెంటే ఇంకొకటి. మా వీధి చివర ఇంకో రిపేరు అంగడి ఉంది. నా గిరాకీ చెడగొట్టడానికి వాడే వీళ్లను ఎగదోశాడేమో. ఒకసారి మొదలైతే అనుమానానికి అంతుండదు. ఆ రాత్రి భోజనం చేస్తూ, జిలానీ ఆ అంగట్లో ఎప్పుడైనా కనబడ్డాడా అని గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాను.

మర్నాడు నేనే మేస్త్రికి ఫోను చేశాను. "స్థలం కాడికి వస్తా మేస్త్రీ. అందరి ముందరా చూద్దాం." నిజం చెప్పాలంటే, ఆయన తప్పును అందరి ముందరా పట్టుకోవాలనే వెళ్లాను.

స్థలంలో నీడ లేదు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, నాపరాళ్ల కుప్ప, నీళ్ల డ్రమ్ము. నమాజు చదివించే ఇమాం సాబు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. జిలానీ ఇంకా రాలేదు. మేస్త్రి ముగ్గు గీత పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నేను వెళ్లి కొంచెం ఎగతాళిగానే అడిగాను.

"మేస్త్రీ, మీ దేవుడు ఆ ఒక్క దిక్కులోనే ఉంటాడా? రవంత అటూ ఇటూ అయితే ఏమైతాది?"

ఆయన కోపగించుకోలేదు. "తూర్పూ పడమరా అన్నీ ఆయనవే శెట్టీ. నువ్వు ఎటు తిరిగినా ఆయనే ఉండాడు. మొదట్లో మా పెద్దలు జెరూసలేం పక్కకు తిరిగి చదివినారు. తర్వాత మక్కాలో ఉండే కాబా పక్కకు తిరగమని ఆజ్ఞ వచ్చింది. లోకంలో యాడ ఉన్నోడైనా ఆ ఒక్క ఇంటి పక్కకే నిలబడల్ల. ఒగడు అటూ ఒగడు ఇటూ నిలబడితే వరస యాడిది?"

"తెలీక తప్పు దిక్కు నిలబడితే?"

"కనుక్కోవాలని నిజంగా ప్రయత్నం చేసి, అయినా తప్పితే, ఆ నమాజు చెల్లుతాది అంటారు. నేనొగన్నే అయితే నాకు దిగుల్లేదు." ముగ్గు మీద చెయ్యి ఆనించాడు. "ఇది గోడ అయితాది. నేను చచ్చిపోయినాక గూడా జనం దీన్ని చూసే నిలబడతారు. వాళ్లకు ఫోను గీను అక్కర్లేదు, గోడను నమ్ముతారు. నలభై ఏండ్లు గోడలు కట్టినా. వంకర గోడ కట్టినాడు ఖాజా అని ఒగరూ అనలేదు."

నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు. "ఏదీ, ఎట్ల చూసినావో చూపిచ్చు," అన్నాను.

ఆయన లేచి, ఫ్లాప్ తెరిచి, దాన్ని పూర్తిగా ఫోను వెనక్కి మడిచి, రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకున్నాడు. బాణం ఎడమకు పోయి నిలిచింది. సరిగ్గా ముగ్గు పోసిన వైపే. నేను నా ఫోను తీశాను. నా బాణం కుడిగా ఉంది.

ఫోను ఒకసారి ఇమ్మని అడిగి తీసుకున్నాను. తుడుస్తున్నట్టు అటు తిరిగి కవరు ఊడదీశాను. బాణం నెమ్మదిగా కుడికి జరిగి నా ఫోనుతో కలిసింది. కవరు ఫోను వెనక ఆనించాను. మళ్లీ ఎడమకు పోయింది. ఆ కవరు మూత ఊరికే తెరుచుకోకుండా అంచులో చిన్న అయస్కాంతపు బిళ్ల ఉంటుంది. మూత వెనక్కి మడిచినప్పుడు ఆ బిళ్ల సెన్సరు దగ్గరికి వస్తోంది. నేను రిపేరు చేసేవాణ్ని కాబట్టి, ఫోను చేతికి రాగానే కవరు తీసి పక్కన పెట్టడం అలవాటు. అందుకే నా దగ్గర ఎప్పుడూ సరిగా చూపింది. ఆయన దగ్గర ఎప్పుడూ తప్పింది.

తప్పు నా నుంచే వచ్చింది. ఎవరికీ తెలియదు. కవరు జేబులో వేసుకుని, కాలిబ్రేషన్ చేశాను సరిపోయింది అంటే చాలు. ముగ్గు తప్పినందుకు మాట మేస్త్రి మీదే పడుతుంది, నా అంగడి పేరు నిలబడుతుంది. ఇలా ఆలోచిస్తూ ఉండగానే నా చెయ్యి కవరును ప్యాంటు జేబులోకి తోసేసింది.

"కవర్ ఎందుకు తీసినావు శెట్టీ?"

గొడుగు కింద నుంచి ఇమాం సాబు అడిగాడు. అరిచి అడగలేదు, మామూలుగానే అడిగాడు. కవరు బయటికి తీసి, బిళ్ల చూపించి, ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడే జిలానీ స్కూటరు వచ్చి ఆగింది. మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. "తప్పు మేస్త్రిది కాదు. ఫోనుదీ కాదు. నేనిచ్చిన కవరుది."

జిలానీ కవరు లాక్కుని తన ఫోను వెనక కూడా పెట్టి చూసుకున్నాడు. బాణం ఎడమకు పోయింది. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఇంత బిళ్లకే దిక్కు మారేటట్టయితే, నా ఫోను సరిగ్గా చెప్తాందని మాత్రం ఏం గ్యారంటీ? ఇప్పుడు ఏ ఫోనునూ నమ్మేది లేదు."

అతని మాటలో న్యాయం ఉంది. నాపరాళ్ల దగ్గర ఇనుప కమ్మీలు, పక్కన స్కూటరు. ఏది దేన్ని లాగుతోందో ప్రమాణం చేసి నేనూ చెప్పలేను.

"ఎండను అడుగుదాం," అన్నాడు మేస్త్రి.

నాకది కొత్త సంగతి. ఏడాదికి రెండుసార్లు, మే చివరలో ఒకసారి, జూలై మధ్యలో ఒకసారి, సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడట. ఆ నిమిషాన మనకు సూర్యుడు ఏ వైపున ఉంటే అదే కిబ్లా. మన గడియారంలో అది మధ్యాహ్నం రెండూ నలభై ఎనిమిదికి అని ఇమాం సాబు చెప్పాడు. ఇరవై ఎనిమిదో తేదీ. ముందు రోజూ వెనక రోజూ కూడా పెద్ద తేడా ఉండదట. అంటే మర్నాడే చూసుకోవచ్చు.

ఇరవై ఏడున అంగడి మూసి వెళ్లాను. రెండున్నరకు ఎర్రమల కొండల వైపు నుంచి మబ్బు కమ్మింది. మూడున్నర దాకా వదల్లేదు. "ఎండాకాలంలో మబ్బు గూడా నీ అంగట్లోదేనా శెట్టీ?" అన్నాడు జిలానీ. అది హాస్యమో, నిందో అప్పుడు తెలియలేదు.

ఇరవై ఎనిమిదిన నిప్పులు చెరిగే ఎండ. మేస్త్రి మూడు కట్టెలు ముక్కాలిపీటలా కట్టి, గోడ నిలువు చూసుకునే దారపు గుండును మధ్యలో వేలాడదీశాడు. నేల చదును చేసి నీళ్లు చల్లాడు. పాతిక మంది చుట్టూ చేరారు. ఎవరి నీడా దాని మీద పడకూడదని ఆయన అందరినీ వెనక్కి నెట్టాడు. ఇమాం సాబు గడియారం చూస్తున్నాడు. దారం నీడ నేల మీద సన్నగా, నల్లగా పడింది. "ఇప్పుడు," అనగానే మేస్త్రి ఆ నీడ మీద ఒక చివర ఒక మేకు, ఇంకో చివర ఒక మేకు దిగ్గొట్టి, మధ్యలో దారం లాగి కట్టాడు.

దారం పడమరకు కొద్దిగా కుడిగా నిలిచింది. కవరు లేని ఆయన ఫోనును పక్కన పెట్టాం. బాణమూ దారమూ ఒకే బాటన ఉన్నాయి. జిలానీ ఒక పార తీసుకుని, తవ్విన పాత గుంతను తనే పూడ్చడం మొదలుపెట్టాడు. మేస్త్రికి క్షమాపణ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. గుంత సగం పూడ్చాక తల ఎత్తి, "కొత్త ముగ్గు నువ్వే పొయ్యి చాచా," అన్నాడు.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. ఫోను చెడిందని ఎవరొచ్చినా స్క్రూడ్రైవరు తీయను. "యాడ వాడతాండావు, ఎట్ల పట్టుకుంటావు, ఒగసారి చూపిచ్చప్పా" అంటాను. ఫోను ఎలా వచ్చిందో అలాగే, కవరుతో, మెడలో వేలాడే తాడుతో సహా ముందు పరీక్షిస్తాను. సగం జబ్బులు అక్కడే బయటపడతాయి. నా బల్ల మీద నిజమైనది కస్టమరు చేతిలో కూడా నిజమే అవుతుందనే ధీమా పోయింది.

ఈ కథ విన్నవాళ్లు నన్ను నిజాయితీపరుడు అంటుంటారు. జేబు సంగతి నేను చాలామందికి చెప్పలేదు. మసీదు గోడలు లేచాక ఒకసారి మేస్త్రి అంగడికి వస్తే, ఉండబట్టలేక ఆయనకు చెప్పేశాను. ఇమాం సాబు అడగకుంటే ఆ కవరు బయటికి తీసేవాణ్నో లేదో నాకే తెలియదని.

"నాకు తెలుసు శెట్టీ," అన్నాడాయన. "నువ్వు జేబులో పెట్టుకునేది నేనూ చూసినా."

"మరి ఊరకే ఎందుకున్నావు?"

"చెప్తావేమోనని చూస్తాంటి. ఇమాం సాబు తొందరపడినాడు. ఇంగ రెండు నిమిషాలు ఆగింటే నాకూ తెలిసుండేది, నీకూ తెలిసుండేది."