దుబాయ్ పాత ఊళ్ళో నా ఇటాలియన్ చదువు

మా అమ్మాయి ఈమధ్య ఫోనులో ఇటాలియన్ నేర్చుకుంటోంది. తప్పు చెబితే ఫోను ఉస్సూరంటుంది, సరిగ్గా చెబితే గంట కొడుతుంది. మొన్న భోజనాల దగ్గర "నాన్నా, నీకు ఇటాలియన్ వచ్చని అమ్మ అంటోంది, నిజమేనా?" అని అడిగింది. వాళ్ళమ్మ పప్పు వడ్డిస్తూ ముసిముసిగా నవ్వింది. వచ్చు అనడానికి సిగ్గు, రాదు అనడానికి మనసొప్పలేదు. అది నేను బల్ల ముందు కూర్చుని చదివిన చదువు కాదు, దుబాయ్ పాత ఊళ్ళో చెప్పులరిగేలా తిరిగి చదివింది.

దుబాయ్‌లో పాత ఊరేమిటని నవ్వకండి. అద్దాల మేడలన్నీ ఒక పక్కనుంటే, క్రీక్ అనే ఉప్పునీటి పాయకి ఇటూ అటూ అసలు ఊరుంది. ఇటు పాత కోట, బస్తాకియా సందులు, ఇళ్ళ నెత్తిన గాలిని కిందికి లాగే బురుజులు. అటు మసాలా బజారు, బంగారం బజారు. మధ్యలో అబ్రాలనే చెక్క పడవలు. 2005 ప్రాంతంలో నేనక్కడ ఒక టూరిస్టు కంపెనీలో గుమస్తాని. అల్ ఖూజ్‌లో కంపెనీ గది, వెళ్ళిరావడానికి కంపెనీ బస్సు. భార్యా, మూడేళ్ళ కూతురూ కాకినాడలో. నా గుమస్తా వీసా మీద వాళ్ళని తెచ్చుకోవడానికి వీల్లేదు, గైడు పోస్టయితే తెచ్చుకోవచ్చు. ఏడాదిన్నరగా నా ప్రాణమంతా ఆ పోస్టు మీదే.

ఇరుక్కున్నది మాత్రం నా నోటి దురద వల్లే. ఇటలీ నుంచి గుంపులుగా టూరిస్టులు రావడం మొదలైంది, వాళ్ళ భాష వచ్చినవాడు కంపెనీలో ఒక్కడూ లేడు. మా ముదీర్, అంటే మేనేజరు, లెబనాన్ మనిషి, తల పట్టుకుని కూర్చుంటే నేను ఊరుకోలేక, "సార్, మా తెలుగుని తూర్పుదేశాల ఇటాలియన్ అంటారు" అన్నాను. తెలుగువాడు ఏ దేశంలో ఉన్నా ఈ ముక్క చెప్పకుండా ఉండలేడు కదా. ఆయన లేచొచ్చి నా భుజం తట్టి, "అయితే నీకు సగం వచ్చినట్టే. మూడు నెలల్లో మిగతా సగం నేర్చుకో, గైడు పోస్టు నీకిస్తాను" అన్నాడు.

పంతులమ్మని కూడా ఆయనే కుదిర్చాడు. జెబెల్ అలీ రేవులో పనిచేసే ఒక ఇంజనీరు గారి భార్య, అరవయ్యేళ్ళ ఇటాలియన్ ఆవిడ. నెత్తిన పెద్ద గడ్డి టోపీ, కాళ్ళకి మగవాళ్ళ చెప్పులు. పుస్తకం కనిపిస్తే ఆవిడకి ఒళ్ళుమంట. ప్రతి శుక్రవారం పొద్దున్నే కోట గుమ్మం దగ్గర మొదలుపెట్టి, బస్తాకియా తిప్పి, పడవెక్కించి, మసాలా బజారులో పాఠం ముగించేది. కళ్ళకి కనిపించినదాని గురించి మాట్లాడమనేది. నేనా, గోదావరి జిల్లా బళ్ళో ఎక్కాలు వల్లెవేసి పెరిగినవాణ్ణి. చూసి మాట్లాడమంటే నా తరమా? ఆవిడ చెప్పినదంతా గదికొచ్చి తెలుగు అక్షరాల్లో రాసుకుని, కోట నుంచి మిరియాల బస్తా దాకా ఒకే దండకంలా బట్టీపట్టేశాను. నా గదిలోనే ఉండే కంపెనీ డ్రైవరు, జగిత్యాల కుర్రాడు, వినీ వినీ "అన్నా, నీ కోట ముచ్చట నాకే నోటికొచ్చింది, ఇగ ఆపరాదే" అని చెవులు మూసుకునేవాడు.

పరీక్ష రోజు వచ్చింది. వ్యానులో పదిమంది ఇటాలియన్ పెద్దవాళ్ళు, వెనక సీట్లో చేతులు కట్టుకుని ముదీర్. తోలేది మా జగిత్యాల తమ్ముడే. నేను కళ్ళు మూసుకుని దండకం మననం చేసుకుంటున్నాను. వ్యాను ఆగింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా మసాలా బజారు. "కోట కాడ బండి ఆపనీకి జాగ లేదన్నా. గీడికెల్లి షురూ జెయ్యి, ఆఖర్న కోట సూపియ్యి. యల్లా, నడువు!" అన్నాడు. వాడిదేం పోయింది? పన్నెండో ఎక్కం అడుగు నుంచి పైకి చెప్పమంటే ఎవరికొస్తుంది? మసాలాల దాకా రావాలంటే నేను కోట దగ్గర్నుంచి రావాల్సిందే. మిరపకాయల బస్తాల ముందు నిలబడి, "ఈ గోడలు పగడపు రాళ్ళతో కట్టినవి" అని ఇటాలియన్‌లో గడగడా అందుకున్నాను. పదిమందీ గోడల కోసం అటూ ఇటూ వెతికారు. "ఇదిగో, ఈ ఫిరంగి చూడండి" అన్నాను. అక్కడ ఎండు నిమ్మకాయల బుట్ట ఉంది.

ముదీర్‌కి భాష రాదు గనక కొంత బతికిపోయాను కానీ, వాళ్ళ మొహాలు ఆయనకి కనిపిస్తూనే ఉన్నాయి. ఇక నా వాళ్ళు రారనుకున్నాను. అప్పుడే ఒక ముసలావిడ బస్తాలోంచి పసుపు కొమ్ము తీసి, ఇదేమిటని అడిగింది. నా దండకంలో పసుపు లేదు. గత్యంతరం లేక నోటికొచ్చిన మాటలన్నీ పేర్చాను. మా దేశం, పెళ్ళి, ముఖానికి, కాళ్ళకి. నా భార్యకి కూడా. భార్య దూరం, పాప దూరం, నా దగ్గర ఫోటో. "ఏదీ, చూపించు" అంది ముసలావిడ. జేబులోంచి తీసిస్తే ఆ ఫోటో పది చేతులు మారింది. ఒకాయన తన మనవరాలి ఫోటో తీసి చూపించాడు, ఇంకొకావిడ నా బుగ్గ గిల్లింది. అక్కణ్ణుంచి వాళ్ళడగడం, నేను తడబడటం, నాకు దొరకని మాట వాళ్ళే అందించడం. పడవ దాటి కోట చేరేసరికి ఎవరు ఎవరికి ఊరు చూపిస్తున్నారో తెలియకుండా పోయింది.

సాయంత్రం ముదీర్ నన్ను పిలిచి, "ఖలాస్, పోస్టు నీదే. ఇంతకీ వాళ్ళకేం చెప్పావు, అంతలా నవ్వారు?" అన్నాడు. "చరిత్రే సార్" అన్నాను. పంతులమ్మకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్ని తప్పులతో మాట్లాడినందుకు ఆవిడ తల బాదుకుని, తర్వాత కాఫీ ఇప్పించింది. ఆ రోజు ఆ కాఫీ ఎంత బాగుందో!

నాలుగు నెలలకి మా ఆవిడా, పాపా వచ్చారు. మొదటి శుక్రవారమే పాత ఊరికి తీసుకెళ్ళాను. అబ్రాలో మా ఆవిడ ఒక చేత్తో పాపనీ, ఇంకో చేత్తో నా చొక్కానీ గట్టిగా పట్టుకుని, "ఇదేంటండీ, ఇలా ఊగుతోంది!" అంది. పాప నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి చూసి, నడిమధ్యకి వచ్చాక నా ఒళ్ళోకి జరిగి కూర్చుంది. నాకు కళ్ళు చెమర్చాయి, ఉప్పుగాలి అన్నాను. అవతలి ఒడ్డుకి అయిదు నిమిషాల దారి. ఆ అయిదు నిమిషాల కోసం రెండేళ్ళు కాచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండేళ్ళూ ఎటుపోయాయో కనిపించవు, ఆ అయిదు నిమిషాలు మాత్రం ఇంకా గడుస్తూనే ఉన్నాయి.