అత్తయ్య మింగేసిన కేక

తొంభైల చివర్లో ఒక వేసవి, మిరపకాయలు కల్లం నుంచి ఎత్తేశాక, మా మేనత్త నన్ను వెంటబెట్టుకుని నల్లమలకు బయలుదేరింది. ఎండల్లో కొండలేంటని మా ఊరు పర్చూరులో నవ్వనివాళ్లు లేరు. మామయ్య పోయినప్పటి నుంచీ ఒంటిచేత్తో సేద్యం చేసిన మనిషి ఒక్క వేసవి తనకోసం ఉంచుకుంటే వీళ్లకేం నొప్పో నాకు ఇప్పటికీ అర్థం కాదు. తోడుగా నన్ను పిలిచినందుకు మాత్రం ఈనాటికీ ఆవిడను తలుచుకుని దణ్ణం పెట్టుకుంటాను.

కొండ కింద ఊళ్లో తెలిసినవాళ్లింట్లో దిగాం. కొండ ఎక్కుతుంటే ఆయాసం నాకే వచ్చేది, ఆవిడకు కాదు. కృష్ణా నదిలో గుండ్రటి బుట్టలాంటి పడవ, పుట్టి, ఎక్కితే మాత్రం, పప్పు ఎనిపినట్టు తెడ్డు తిప్పేది. పుట్టి ఉన్నచోటే గిరగిరా తిరిగేది.

ఒక సాయంత్రం దుప్పుల మంద నీళ్లకు దిగింది. పుట్టి నడిపే ఆయన చేత్తో చూపించాడు. అత్తయ్య గుండెల నిండా ఊపిరి పీల్చింది. ఆ పీల్చడం నాకు తెలుసు. చేలో పందులు పడ్డా, గొడ్లు పడ్డా, దాని వెనకే ఊరవతలికి వినిపించే కేక వస్తుంది.

ఈసారి రాలేదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, అవి తాగినంతసేపూ అలాగే చూస్తూ కూర్చుంది.

“తాగనీలేవే,” అంది చివరికి, నేనేదో అదిలించబోయినట్టు. “ఇక్కడ మన చేను లేదుగా.”