టోటోలో కూర్చున్న లైసెన్సుదారు

ఖరగ్‌పూర్‌లోని ఒక పోలీసు స్టేషన్‌లో నేను మేజోబాబుగా, అంటే ఇన్‌చార్జి తర్వాతి అధికారిగా, చేరింది విశ్వకర్మ పూజ దగ్గర పడుతున్న వర్షాకాలంలో. ఇప్పటికి ఏడేళ్ళు దాటింది. మోకాలు పాడై ముందుగానే పదవీ విరమణ చేశాను. తెలుగు రైల్వే కుటుంబాలుండే ట్రాఫిక్ కాలనీలో సింహాచలం గారి గురించి ఇప్పటికీ రెండు మాటలు చెప్పుకుంటారు. అజాగ్రత్త వల్ల ఆయన తుపాకీ లైసెన్సు మీదికి తెచ్చుకున్నాడని ఒకటి, నేను దాన్ని కాపాడానని ఇంకొకటి. రెండూ నిజం కావు.

ఆయుధాల ఫైళ్ళు నా బల్ల మీదికే వచ్చేవి. మన దేశంలో తుపాకీ ఉంచుకోవడం హక్కు కాదు, జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే అనుమతి. ఆ అనుమతి మనిషికే గాని ఇంటికి కాదు. గడువు తీరేముందు లైసెన్సుదారు ఆయుధాన్ని స్టేషన్‌లో చూపించాలి. మేము నంబరు సరిచూసి పైకి నివేదిక పంపాలి.

సింహాచలం గారు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఉద్యోగంలో ఉండగానే టెరిటోరియల్ ఆర్మీలో చేరారు. వరదలప్పుడు, సమ్మెలప్పుడు రైళ్ళు ఆగకుండా చూడటానికి పిలిచే పౌర సైనికులు వాళ్ళు. ఏటా కొంతకాలం యూనిఫాం, మిగతా కాలం పానా. రిటైరయ్యాక సొంత డబుల్ బ్యారెల్ తుపాకీతో గోల్ బజార్‌లో ఒక నగల దుకాణానికి కాపలా ఉండేవారు. పింఛను కూతురి వైద్యానికి పోయేది, ఇల్లు ఆ కాపలా మీదే గడిచేది. అలాంటి కొలువుల్లో మనిషినీ తుపాకీనీ కలిపే తీసుకుంటారు. తుపాకీ లేని మనిషి అక్కర్లేదు.

పూజ అయ్యాక ఒక ఉదయం, లైసెన్సు రెన్యువల్ కోసం, ఆయన భార్య పైడమ్మ స్టేషన్‌లోకి వచ్చింది. పాత చీరలో చుట్టిన తుపాకీని పసిపిల్లలా భుజానికి ఆనించుకుంది. చీర జారినచోట, తుపాకీ కర్ర మీద పసుపూ కుంకుమా కనిపించాయి. వర్క్‌షాపు కుటుంబాలు విశ్వకర్మ పూజకు పనిముట్లకు బొట్టు పెడతాయి. ఆ ఇంట్లో పనిముట్టు అదే.

బల్ల మీద పెట్టమన్నాను.

"ఒట్టి బల్ల మీదేటి బాబూ? కూడెట్టే తల్లి. ఓ గుడ్డముక్క పరు," అంది.

మా కానిస్టేబుల్ ఇకిలించాడు. "కీ మేజోబాబు, మీ మాసీయా? మీ భాషే మాట్లాడుతోంది!"

మాసీ అంటే పిన్ని. అందరూ నవ్వారు. తెలుగువాళ్ళ పనులు నేను చకచకా చేసిపెడతానని స్టేషన్‌లో అప్పటికే ఒక మాట ఉంది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

"లైసెన్సు నీ పేరు మీద ఉందా?" అని గట్టిగా అడిగాను.

"నాకేటికి బాబూ లైసెన్సు? నాను కాలుస్తానేటి? మా మావ కాలికి సిమెంటు కట్టేసినారు, టోటో దిగనేకపోతన్నాడు. అల్లదిగో, గేటుకాడే ఉన్నాడు, సూడు."

చూశాను. బ్యాటరీ రిక్షాలో కట్టు కట్టిన కాలు చాపుకొని కూర్చున్న సింహాచలం గారు కిటికీలోంచి నన్ను గుర్తించి సెల్యూట్ చేశారు. నేను తల తిప్పుకున్నాను.

ఆయుధాల చట్టంలో ఒక మినహాయింపు ఉంది. రెన్యువల్ కోసమో మరమ్మతు కోసమో, లైసెన్సుదారు సమక్షంలో మరొకరు తుపాకీ మోయవచ్చు. అది నాకు తెలుసు. అయినా "ఆయుధం లైసెన్సు లేని స్త్రీ చేతిలో కనిపించింది" అని మాత్రం రాశాను. అందులో అబద్ధం లేదు. టోటో కూడా లేదు. తుపాకీ మాల్‌ఖానాలోకి, అంటే స్టేషన్ భద్రపు గదిలోకి, వెళ్ళింది. లైసెన్సు సస్పెండయింది. దుర్గాపూజ రాకముందే దుకాణం వేరే గార్డును పెట్టుకుంది.

జిల్లా కేంద్రంలో జరిగిన విచారణకు నివేదిక రాసిన నన్నూ పిలిచారు. వరండాలో నన్ను చూసి పైడమ్మ పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చింది. "తిన్నావేటి బాబూ?" అంటూ సంచిలోంచి అరటిపండు తీసింది.

"ఆఫీసరుకి అలగ ఇయ్యకూడదే, లంచమంతారు," అన్నారు సింహాచలం గారు.

"ఊరుకో మావా! అరిటిపండు లంచమేటి? మనోడు. ఉన్నదే రాసుంటాడు."

ఆ పండు జేబులో పెట్టుకొని లోపలికి వెళ్ళాను.

ఆ సమయంలో లైసెన్సుదారు ఎక్కడున్నాడని అధికారి అడిగారు. గేటు దగ్గర టోటోలో, నాకు కనిపించేంత దూరంలో ఉన్నారని చెప్పాను. నివేదికలో ఎందుకు లేదన్నారు. నేనే వదిలేశానన్నాను. అడగకపోతే చెప్పేవాణ్ణో కాదో ఈనాటికీ నాకు తెలియదు. నా సర్వీసు పుస్తకంలో మందలింపు చేరింది. ఆయన లైసెన్సు తిరిగొచ్చింది, కొలువు రాలేదు.

తుపాకీ వాపసు ఇచ్చే రోజు నేను ముందుగానే బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి ఉంచాను. సింహాచలం గారు చేతికర్రతో నడిచి వచ్చారు. పైడమ్మ తువ్వాలు చూసింది, నన్ను చూసింది. కొంగుతో తుపాకీ దుమ్ము తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈపాలి నువ్వే మొయ్యి మావా. నాను ముట్టుకుంటే బాబుకి మళ్ళీ రాతపని," అంది.

ముందు ఆయన నవ్వారు, తర్వాత నేను.

ఆ పైన నా దగ్గర పని నేర్చుకున్న ఎస్సైలకు ఈ కేసే చెప్పేవాణ్ణి. ఆయుధం ఎవరి చేతిలో ఉందో రాస్తే సగం నివేదిక. లైసెన్సుదారు ఎక్కడున్నాడో తలెత్తి చూడాలి. చూసింది రాయాలి.