చివర నిలబడినవాడి పేరు

అంతరిక్ష నౌకలోంచి కొత్త గ్రహం మీదికి నలుగురు దిగితే, నాలుగోవాడు తిరిగిరాడు. ఇది కనిపెట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. నేను చెప్పగానే మా ఆయన "గది నాకు ముందుగాలనే ఎరికే" అన్నాడు. ఏ విషయం చెప్పినా ఆయన అనే మాట అదే.

తొంభైల చివర పటాన్‌చెరులో మా కిరాయి ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చిన కొత్త. ఆదివారం పొద్దున ఒక పరాయి దేశపు సీరియల్ వచ్చేది. నౌకకు ఒక నాయకుడు, ఒక డాక్టరు, యంత్రాలు చూసుకునే ఒకామె. ఈ ముగ్గురూ చావరు, వచ్చే వారానికి కావాలి కదా. నాలుగోవాడు మాత్రం ప్రతివారం కొత్త మొహం. ఒంటిమీద అందరిలాగే యూనిఫాం ఉంటుంది, పేరు ఉండదు. వరసలో చివర నిలబడతాడు. "నేను వెళ్ళి చూసొస్తాను" అంటాడు. అంతే, ఏ రాయో పేలుతుంది, ఏ మొక్కో పట్టుకుంటుంది. నాయకుడు మోకాళ్ళ మీద కూర్చుని, అతని కళ్ళు మూసి, లేచి పనిలో పడతాడు. నా చేతిలో చాయ్ చల్లారే లోపే అంతా అయిపోయేది.

నాకు టీవీతో కొట్లాడే అలవాటుంది. "వానికి ఒక్క పేరు పెడితే ఏం పోతది వీళ్ళకు?" అన్నాను ఒకరోజు.

మా ఆయన యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. పేపర్లోంచి తల ఎత్తకుండానే, "పేరు పెడితే మళ్ళ ఏడ్వాలె. గంత టైం ఏడున్నది వాళ్ళకు? అర్ధగంటల గ్రహాన్ని గెలవాలె" అన్నాడు.

ఆయన మాట నిజమే. నిజమైన మాట ఆయన నోట్లోంచి వస్తే నాకు పడదు. అందుకే ఆ వారం నుంచే మొదలుపెట్టాను. ఆఫీసులో పారేసిన హాజరు పుస్తకం వెనకవైపు ఖాళీ కాగితాల్లో, చచ్చిన ప్రతి నాలుగోవాడికీ ఒక పేరు, ఒక ఊరు, ఒక బతుకు రాసిపెట్టేదాన్ని. ఒకడిది కాజీపల్లి, మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేకనే నౌకలో చేరాడు. ఒకడిది సుల్తాన్‌పూర్, వంకాయ ముట్టడు. ఇంకొకడికి రెండు బర్రెలు, చెల్లె పెండ్లికి సెలవు అడిగాడు, వచ్చే నెల చూద్దామన్నారు.

ఇది పిచ్చి అనేవాళ్ళు అనుకోవచ్చు. పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు అయ్యగారికి బియ్యం ఇస్తూ మూడు తరాల పేర్లు చెప్పిస్తారు మనవాళ్ళు. పేరు చెప్పకుండా ఇచ్చిన బియ్యం ఎవరికీ చేరదని మా అమ్మ ఖచ్చితంగా నమ్మేది. నేను దేన్నీ అంత ఖచ్చితంగా నమ్మను. కాని టీవీ కోసం చచ్చినవాడికి ఒక వాక్యం రాస్తే నా సొమ్మేం పోదు అనుకున్నాను.

"సచ్చినోళ్ళకు పేర్లు పెడుతున్నవ్, సంబురమే. బతికున్న నాకు జెర అన్నం పెట్టు" అనేవాడు మా ఆయన.

ఏడాది తిరిగేసరికి నా పుస్తకంలో నలభై మంది దాకా అయ్యారు.

ఇక నా ఉద్యోగం. బీయస్సీ చదివి పాశమైలారంలో ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో హాజరు గుమాస్తాగా ఉండేదాన్ని. గేటు పక్కన చిన్న గది, దానికొక కిటికీ. కంపెనీ మనుషులు వచ్చి సంతకం పెడతారు. కాంట్రాక్టు మనుషులకు సంతకం లేదు, ఇత్తడి బిళ్ళ ఉండేది. బిళ్ళ మీద నంబరు, ఆ నంబరుకు రిజిస్టరులో ఒక పేరు. కిటికీలోంచి నేను బిళ్ళ ఇస్తాను, షిఫ్టు దిగేటప్పుడు వాళ్ళు తెచ్చి మేకుకు తగిలిస్తారు.

పదిహేడో నంబరు బిళ్ళ మీద పొద్దటి షిఫ్టులో ఒకాయన వచ్చేవాడు, మధ్యాహ్నం షిఫ్టులో ఇంకొకాయన. రిజిస్టరులో మాత్రం ఒకటే పేరు. అంటే ఒకే మనిషి రోజుకు పదహారు గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేస్తున్నాడని నేను ఎనిమిది నెలలు నా చేత్తో రాశాను. కాంట్రాక్టరు ఒక మనిషి పేరు మీద ఇద్దరిని తిప్పుకుంటున్నాడని నాకు తెలుసు. అందరికీ తెలుసు. పొద్దటాయన పక్క ఊరి రైతు, భూమి ఫ్యాక్టరీల కిందికి పోయాక కూలికి వచ్చినవాడు. రిజిస్టరులో ఉన్నది ఆయన పేరు. మధ్యాహ్నమాయన బీదర్ వైపునుంచి వచ్చాడు. ఆయనను అందరూ బీదరాయన అనేవాళ్ళు. నేనూ అంతే. నలభై ఏళ్ళుంటాయి. బిళ్ళ అందుకునేటప్పుడు కిటికీ గడపను వేలితో ముట్టి కళ్ళకు అద్దుకునేవాడు, గుడి మెట్టుకు చేసినట్టు. అది నాకు చిరాకు.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి గీకడానికి ఆయన్ను లోపలికి దించారు. లోపల గాలి లేదు. నడుముకు తాడు కట్టలేదు. సంగారెడ్డి సర్కారు దవాఖానకు పోయే దారిలోనే పోయాడు.

నేను ఇంటికి బయలుదేరబోతుంటే మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చి, "మేడం, పదిహేడు నంబర్ ఖతం. దవాఖానకు పేరు కావాల్నట" అన్నాడు. నేను రిజిస్టరు తీశాను. పదిహేడుకు ఎదురుగా ఉన్న పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. అది బతికున్నాయన పేరని ఆ క్షణంలో నాకు తట్టలేదు అంటే ఎవరూ నమ్మరు. నేనైనా నమ్మను. కాని తట్టలేదు. చెయ్యి రాసింది, అంతే.

మరునాడు పొద్దున షిఫ్టు మొదట్లో మౌనం. ఎవరైనా పోతే సైరన్ వేసి, అందరినీ గేటు లోపల వరసగా నిలబెట్టి, పేరు చదివి, రెండు నిమిషాలు నిలబడాలి. మా పర్సనెల్ ఆఫీసరు కోస్తా మనిషి. గొంతు బాగాలేదని కాగితం నాకిచ్చాడు. చదివాను. అందరూ తల దించారు. చివరి వరసలో ఒకాయన మాత్రం తల ఎత్తాడు.

"మేడం, గా పేరు నాదే" అన్నాడు.

ఎవరో నవ్వారు. తర్వాత పదిమంది దాకా నవ్వారు. పక్కనున్నవాడు ఆయన భుజం తట్టి, "సచ్చినంక గూడ డ్యూటీకి వచ్చినవానే, నీ అసోంటోడు ఉండడు" అన్నాడు. ఆయన నవ్వలేదు, చేతులు కట్టుకునే నిలబడ్డాడు. రెండు నిమిషాలూ అయ్యాయి. సైరన్ వేశారు. మిషన్లు మొదలయ్యాయి.

కిటికీ దగ్గరికి వచ్చి ఆయనే చెప్పాడు. "బీదరాయన పెండ్లాం నిన్నటిసంది దవాఖాన కాడ కూసున్నదట. కాయితంల నా పేరున్నది గదా, గందుకు పీనుగను ఇస్తలేరట. నువ్వే రాసినవ్, నువ్వే సక్కజెయ్యాలె అక్కా."

"ఆయన పేరేంది?" అన్నాను.

"నాకేమెరిక. నేను పోతుంటె ఆయన వస్తుండె."

మేస్త్రిని అడిగాను, తెలియదు. ట్యాంకు దగ్గర పనిచేసినవాళ్ళను అడిగాను, బీదరాయన అన్నారు. సెలవు చీటీ రాసిచ్చి సంగారెడ్డి బస్సెక్కాను. దారి పొడుగునా కిటికీలోంచి గోడలూ పొగగొట్టాలూ చూస్తూ కూర్చున్నాను. నేను కల్పించిన నలభై మంది పేర్లు నాకు కంఠతా వచ్చు, వాళ్ళలో ఒక్కడూ పుట్టలేదు. ఎనిమిది నెలలు రోజూ నా చేతిలోంచి బిళ్ళ తీసుకున్న మనిషికి పేరుంటుందని మాత్రం అనుకోలేదు. ఇలా అనుకున్నప్పుడు ఏడుపు రావాలి. రాలేదు. ఆకలి వేసింది.

శవాల గది వరండాలో ఒకామె గోడకానుకుని కూర్చుని ఉంది. పక్కన బల్ల మీద కాగితాలు రాసే కానిస్టేబులు. నేనెవరో చెప్పగానే లేచాడు.

"మంచిగొచ్చినవమ్మా. ఈమెను పేరడిగితె చెప్తలేదు. నా మొగడే అంటది, పేరు చెప్పదు. కాయితంల పేరు చదివితె కాదంటది. ఎండకాలం, ఈడ ఐసు లేదు. ఐదింటిదాంక సూస్త. గప్పటికి కంపెనీ లెటరు సరైన పేరుతోని రాకపోతె దిక్కులేని పీనుగ కింద రాసి మున్సిపాలిటోళ్ళకు ఇస్త."

వాళ్ళ ఊరికి కబురు బస్సు డ్రైవరుతో పోయిందట. రేపు గాని ఎవరూ రారు.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. "అక్కా, పేరు చెప్పు. నేను రాసుకపోత."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఎట్ల చెప్తనమ్మా. ఇరవై ఏండ్లసంది నోట్లెకెళ్ళి తియ్యలే. ఇప్పుడు సచ్చిండని తియ్యాల్నా?"

మొగుడి పేరు నోటితో అనకూడదు. ఈ సంగతి నాకూ తెలుసు, మా అమ్మ జీవితమంతా మా నాన్నను "మీ నాయిన" అనే పిలిచింది. నేను కాలేజీలో ఇదంతా మూఢత్వం అని వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్నదాన్ని. ఆ వరండాలో ఆ వ్యాసంలో ఒక్క ముక్క కూడా గుర్తురాలేదు.

"ఏ దేవుని పేరో గదన్న చెప్పు" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మెడల పామున్న దేవుడు."

"శంకరప్ప?"

కాదు.

"మల్లప్ప?"

కాదు.

"శివప్ప? ఈరప్ప?"

కాదు, కాదు.

కానిస్టేబులు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రాజేశమా?" కాదు. "అబ్బ, గా దేవునికే ఇన్ని పేర్లా, బ్రహ్మదేవుని పేరన్న అయితె బాగుండు, రెండు అడిగి ఊకుందుము." ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి తనూ మొదలుపెట్టింది. "విశ్వనాథమా? సోమన్నా? సాంబయ్యా?" కాదు. ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం అంటూ పోయాం. ఆమె ప్రతి పేరుకూ ఆగి, విని, తల ఊపింది. నేనన్న ఏదో ఒకదానికి, లెక్కపెట్టలేదు, ఆమె తల కిందికి వంచింది. కానిస్టేబులు మళ్ళీ అడిగాడు. మళ్ళీ వంచింది.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన పిల్లలు బీదర్ వైపు ఎక్కడో ఉన్నారు, వాళ్ళను నేను అడగలేదు.

పన్నెండున్నరకు ఫ్యాక్టరీలో ఉన్నాను. ఉత్తరం టైపు చేసి ఆఫీసరు ముందు పెట్టాను.

"రిజిస్టరులో ఏ పేరుంటే ఆ పేరే మన లెటర్లో ఉంటుందమ్మా. ఇతనెవరు? మన మనిషి కాదు."

"మన ట్యాంకుల దిగిండు సార్."

"కాంట్రాక్టరు పంపాడు."

"రిజిస్టరుల పేరున్నాయన గేటు కాడ బీడీ తాగుతున్నడు. పిలవమంటరా? సచ్చిపోయినవని మీరే చెప్పుండ్రి."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఒకే మనిషి రెండు షిఫ్టులు చేశాడని ఎనిమిది నెలలు ఎవరు రాశారు?"

"నేనే రాసిన."

"మరి?"

"అది గూడ లెటర్ల రాస్త, మీకు కావాల్నంటె. నా సంతకం పెడ్త."

ధైర్యం అనుకోకండి. ఆ పూట నాకు భయం వేసే చోటేదో మొద్దుబారిపోయింది. ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. చివర ఒక వాక్యం చేర్చమన్నాడు: ఈ వ్యక్తికీ కంపెనీకీ నేరుగా ఎటువంటి సంబంధమూ లేదు. చేర్చాను. అచ్చుతప్పులు లేకుండా టైపు చేశాను. సంతకం పెట్టాడు. మళ్ళీ ఒకసారి పేరు చదివి మౌనం పాటిద్దామా అని అడిగితే, ఒక మనిషికి ఒకసారి చాలు, పని ఆగుతుంది అన్నాడు. ఒక మనిషికి ఒకసారి అన్నమాట నిజమే, కాని ఆ ఒకసారి చదివింది బీదరాయన పేరు కాదు.

పొద్దటాయన ఆ తర్వాతి సోమవారం నుంచి రాలేదు. వరసలో నోరు తెరిచినందుకు మేస్త్రి మాన్పించాడు. పదిహేడో బిళ్ళ ఇంకొకరికి ఇచ్చాను. ఆ కొత్తాయన పేరు అడిగి రిజిస్టరులో రాశాను. పొద్దటాయన కోసం ఏం చెయ్యలేదు.

ఆ రోజు ఉత్తరం పట్టుకుని నాలుగింటికి దవాఖాన చేరాను. కానిస్టేబులు దాన్ని రెండుసార్లు చదివి, పాత కాగితం చింపి, కొత్త దాంట్లో పేరు రాశాడు. కలం పక్క గడిలో ఆగింది.

"తండ్రి పేరు?"

ఆమె నా వైపు చూసింది. మామ పేరు కూడా కోడలు అనకూడదు. కానిస్టేబులు గోడ గడియారం చూసి, కలం మూత పెట్టి, "కానియ్యుండ్రి. ఏ దేవుడు?" అన్నాడు.

"కోతి దేవుడు" అంది ఆమె.

మూడో పేరుకే తల వంచింది. నాలుగున్నరకు ఆయనను బయటికి తెచ్చి వరండాలో పెట్టారు. మొహం మీద బట్ట తీసి ఆమె చూసింది, మళ్ళీ కప్పింది. అప్పగించినట్టు వేలిముద్ర వెయ్యమన్నారు. వేసింది. కింద రాయడానికి, పీనుగను తీసుకున్న మనిషి పేరేమిటని కానిస్టేబులు నన్ను అడిగాడు.

నేను నోరు తెరవకముందే, ఆమె తన పేరు తానే చెప్పింది. కానిస్టేబులుకు సరిగ్గా వినబడలేదేమో అని ఇంకోసారి చెప్పింది.