వెర్నా తెచ్చిన కట్టెలు

వెర్నా టటిల్ చేత ఒక్క డాలరు ఖర్చు పెట్టించడం గగనం. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. కెనడాలో, మా ఒంటారియోలో వేసవంటే సరస్సు పక్కన గుడారం వేసుకోవడమే కదా. ఆ ఖర్చుకు జడిసేవాళ్ళంతా ముందు ఆవిడ గుమ్మం ఎక్కేవారు.

"శని, ఆదివారాలు వెళ్ళకండి. బడులు తెరిచాక వారం మధ్యలో వెళ్తే చోటు చవగ్గా దొరుకుతుంది. పార్కు పాసు కూడా లైబ్రరీలో పుస్తకంలాగే అరువిస్తారు, అడగడానికి సిగ్గెందుకు? రెండు కార్లు దేనికి, ఇరుక్కుని ఒక్కదాంట్లోనే పోండి." పాఠం ఇలా సాగేది. చివర్లో గొంతు తగ్గించేది. "చలిమంటకని పార్కు గేటు దగ్గర అమ్మే కట్టెల మోపు మాత్రం కొనకండి. పెరట్లో కట్టెలు పెట్టుకుని అడవికి పోయి కట్టెలు కొనేవాణ్ణి ఏమనాలి?"

బయటి కట్టెలు తేకూడదని గేటు దగ్గర బోర్డే ఉంది. వెర్నా కట్టెల మీద దుప్పటి కప్పి, దానిమీద తన ముసలి కుక్క బిస్కట్‌ని కూర్చోబెట్టేది. "కట్టెలేమైనా తెచ్చారా?" అని గేటు దగ్గరి మనిషి అడిగితే, "ఇదిగో, దీన్నొక్కదాన్నే తెచ్చా" అని కుక్కను చూపించేది. ఆవిడతో వెళ్ళే మేం పగలబడి నవ్వేవాళ్ళం. తర్వాత ఊళ్ళో చాలామంది అదే పని చేశారు. కుక్క లేనివాళ్ళు పిల్లల్ని కూర్చోబెట్టారు.

ఆవిడ పెరట్లో యాష్ అనే జాతి చెట్టొకటి ఎండిపోతే కొట్టించింది. ఆ కట్టెలే ఏళ్ళ తరబడి సరస్సు దాకా ప్రయాణం చేశాయి. ఆ చెట్టు ఎందుకు ఎండిందో ఎవరూ అడగలేదు.

కిందటి సెప్టెంబరులో వెళ్ళేసరికి ఒడ్డున యాష్ చెట్లు సగం కూల్చేసి ఉన్నాయి. మిగిలినవాటి మీద నారింజ రంగు గుర్తులు. భర్త ఎల్రాయ్ బతికున్నన్నాళ్ళూ వెర్నా అతనితో కలిసి ప్రతి ఏడూ ఊయల కట్టుకున్నది ఆ చెట్లకే. పార్కు రేంజర్ గ్లాడ్విన్ మమ్మల్ని పిలిచి ఒక మొద్దు బెరడు ఊడదీసి చూపించాడు. లోపలంతా పురుగు తొలిచిన వంకరటింకర దారులు.

"పచ్చగా మెరిసే పురుగండీ, యాష్ చెట్లను తొలిచి చంపేస్తుంది. ఇంత దూరం తనంతట తాను ఇంత తొందరగా ఎగిరి రాలేదు. మీ ఊరివైపు ఉంది, మధ్యలో ఎక్కడా లేదు. ఎవరో కట్టెల్లో మోసుకొచ్చారు."

మేమంతా నేలచూపులు చూశాం. నాకైతే సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

గ్లాడ్విన్‌కు ఇవేమీ తెలియవు పాపం. "ఈ కూల్చిన చెట్ల కట్టెలు పార్కు దాటకూడదు. ఇక్కడే కాల్చేయండి, డబ్బులేం వద్దు" అన్నాడు.

"విన్నావా వెర్నా, ఊరికే ఇస్తాడట! నువ్వింకా కదల్లేదేంటి?" అన్నాడు మా పక్కింటి డార్సీ, అలవాటు కొద్దీ. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

వెర్నా ముఖం పాలిపోయింది. "నేనే తెచ్చానయ్యా" అంది రేంజర్‌తో. "దుప్పటి కింద దాచి. పైన మా కుక్కను కూర్చోబెట్టి."

అతను ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మీరొక్కరే అయ్యుండరు లెండి. చాలామంది తెస్తుంటారు."

"చాలామందే తెచ్చారు. వాళ్ళందరికీ నేర్పింది నేనే."

మాలో ఒక్కరైనా "మాకు మాత్రం బుద్ధి ఉండక్కర్లేదా వెర్నా" అని ఉండాల్సింది. అనలేదు. ఆవిడ ఒప్పుకుంది కాబట్టి మా పేరు బయటికి రాదని లోపల్లోపల ఊరట పడ్డాం. అది తలుచుకుంటే ఇంకా సిగ్గు.

సాయంత్రానికి మా అందరి గుడారాల ముందూ ఆ ఊరికే వచ్చిన కట్టెలు మండుతున్నాయి. గేటువైపు నుంచి వెర్నా నడిచొస్తోంది, చేతిలో కట్టెల మోపు. డబ్బిచ్చి కొన్నది. మా మంటల మధ్య నుంచే దాన్ని మోసుకెళ్ళి, తన గుడారం ముందు దించి, కట్టు కూడా విప్పకుండా శాలువా కప్పుకుని కూర్చుంది.

నేను అగ్గిపెట్టె పట్టుకుని వెళ్ళాను. "ముట్టించనా?"

"వద్దులే" అంది, నరికేసిన మొదళ్ళవైపే చూస్తూ. "చలేం లేదు."

ఆవిడ పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.