అమ్మమ్మ అని చెప్పిన ఫోటో

కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌లో నా చిన్నప్పటి నుంచి మా గోడకి ఒక ఫోటో ఉండేది. నలుపు తెలుపు స్టూడియో ఫోటో. ముప్పై ఏళ్ల స్త్రీ, కుర్చీ మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంటుంది. వెనక తెర మీద రంగులేసిన మెట్లు, పూలకుండీ. కెమెరాని కాకుండా కాస్త పక్కకి చూస్తుంటుంది, ఎవరో పిలిచినట్టు. మీ అమ్మమ్మ అని అమ్మ చెప్పింది. పరీక్షలున్న రోజుల్లో ఆ మొహం చూసే గడప దాటేదాన్ని. నాకు సాల్ట్ లేక్‌లో ఉద్యోగం వచ్చి న్యూ టౌన్‌లో ఫ్లాట్ తీసుకున్నాక దాన్ని హాల్లో పెట్టుకున్నాం.

పోయిన చలికాలం శ్రీకాకుళం నుంచి పెద్దమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చింది. అమ్మమ్మ పోయేనాటికి అమ్మకి రెండేళ్లు, పెద్దమ్మకి ఆరు. టీ తాగుతూ ఫోటో చూసింది.

"ఎవులే ఈవిడ?"

"అదేంటి పెద్దమ్మా, అమ్మమ్మ కదా," అన్నాను నవ్వుతూ.

పెద్దమ్మ కప్పు కింద పెట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మాయమ్మకి ఫోటో ఏటి? బతికుండగా ఒక్కపాలి కూడా తీయించలేదు." వంటింటి వైపు తిరిగింది. "పిల్లకి ఏటి సెప్పావే?"

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. తడి లేని చేతుల్ని తుడుచుకుంటూనే ఉంది.

"టేషన్ కాడ స్టూడియో మూసీస్తుంటే, ఎవులూ పట్టుకెళ్లని ఫోటోలు బయట పడీసినారప్పా. అమ్మమ్మ ఎలాగుంటాదని ఇది రోజూ అడిగీది. నాకు తెలిస్తే కదా."

"తెలీదని సెప్పాల. ఎవులినో తెచ్చి అమ్మని సేసేస్తావా?"

నాకొచ్చిన కోపం అమ్మ మీదో, నిజం చెప్పిన పెద్దమ్మ మీదో తెలియలేదు.

"అయితే నువ్వు సెప్పు," అంది అమ్మ. "ఎలాగుండీది?"

పెద్దమ్మ తన ముంజేతి మీద వేలు పెట్టి చూపించింది.

"సేతి మీద పచ్చబొట్టు ఉండీది. తేలు బొమ్మ."

"మొహం?"

పెద్దమ్మ వేలు ఆ ముంజేతి మీదే ఆగిపోయింది.

మధ్యాహ్నం ఇద్దరూ అన్నం తినలేదు. అది చూడలేక స్టూలెక్కి ఫోటో దించాను. అలమారాలో పెట్టేద్దామనుకున్నాను. పెద్దమ్మ చెయ్యి చాపింది.

"ఇటివ్వు."

ఒళ్లో పెట్టుకుని కొంగుతో అద్దం తుడిచింది. కాసేపటికి అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"సీర బాగా కట్టుకుందే," అంది పెద్దమ్మ. "కుచ్చిళ్లు సూడు, ఒక్కటీ సెదరలేదు."

"బెంగాలీ కట్టు కాదప్పా. మన కట్టే."

సాయంత్రం ముగ్గురం కలిసి తిన్నాక ఫోటోని యథాస్థానంలో తగిలించాను. ఇప్పుడు ఇంటికొచ్చినవాళ్లు ఎవరామె అని అడిగితే తెలియదనే చెబుతున్నాను.