రెండు వేళ్ల మధ్య బట్ట

సముద్రాన్ని ఊహించుకోమంది ఆ పిల్ల.

"కళ్లు మూసుకోండి తొమాసా గారూ. మెత్తటి ఇసుక. చల్లటి గాలి. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. మీ నొప్పి కూడా అలాగే వస్తుంది, పోతుంది..."

"నేను పుట్టి నలభై తొమ్మిదేళ్లయింది," అంది తొమాసా పళ్ల బిగువున. "మా ఊరు దాటి ఈ రాజధానికి వచ్చింది నాలుగే నాలుగుసార్లు. నాలుగోసారి అంబులెన్సులో. సముద్రం నేను చూసిన మొహమేనా? ఏ ఇసుకని ఊహించుకోనమ్మా? మా ఇల్లు కట్టినప్పుడు లారీలో పోయించిన ఇసుకనా?"

ఆ పిల్ల మనసు డాక్టరు. పాపం, చదువుకున్నదే చెప్పింది. కాగితం మీద ఏదో రాసుకుని లేచి వెళ్లిపోయింది. కోపం ఎక్కువ అని రాసుకుని ఉంటుంది. కోపం కాక మరేముంటుందట? రెండు చేతులూ మోచేతుల పైదాకా కాలిపోయి, మెడ కాలిపోయి, పొద్దున్నే ఎనిమిదింటికి పాత కట్టు విప్పుతుంటే కట్టుతోపాటు తోలు కూడా ఊడొస్తుంటే, పక్కన కూర్చుని ఇసుకా గాలీ అంటే ఎవరికైనా ఒళ్లు మండదా? అయినా తొమాసా కోపం ఆ పిల్ల మీద కాదు.

మా ఊరు బాణసంచా ఊరు. పాలపళ్లు ఊడకముందే మా పిల్లలకి కాగితం గొట్టాలు చుట్టడం వస్తుంది. తొమాసా తొమ్మిదో ఏట బల్ల దగ్గర కూర్చుంది. వాళ్ల నాన్న ఎడమచేతికి మూడు వేళ్లే ఉండేవి, ఆ మూడింటితోనే దానికి వత్తి ముడి వెయ్యడం నేర్పాడు. పెళ్లయిన మూడేళ్లకి మొగుడు పోయాడు. మందు పేలి కాదు, బస్సు కింద పడి. "మా ఊళ్లో మామూలు చావు చచ్చిన మగాడు నా మొగుడొక్కడే," అని తనే చెప్పుకుని నవ్వేది. పిల్లల్లేరు. మార్చిలో మా దేవుడి పండక్కి లేచే కోటకి, అదే, బాణసంచా బిగించిన అరవై అడుగుల కర్రల గోపురానికి, పైన తిరిగే పెద్ద చక్రం కట్టేది తొమాసాయే. పదిహేడేళ్లుగా తొమాసా చక్రం ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. ఊళ్లో దాని పరువంతా ఆ చక్రమే.

మందు గదికి ఒక నియమం ఉంది. ఒంటిమీద నూలు బట్ట తప్ప ఇంకేదీ ఉండకూడదు. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటలాడుతుందే, ఆ చిటపట చాలు, వెండి మందు, అదే, వెండిలా మెరిసే పేలుడు పొడి, అంటుకోవడానికి. అందుకే గుమ్మం దగ్గర తాచో తాత మందు జల్లిస్తూ కూర్చునేవాడు. డెబ్భై దాటిన ముసలాడు. ఎవరొచ్చినా ముందు నీళ్ల తొట్టిలో చేతులు ముంచాలి. తర్వాత ఆయన చెయ్యి చాపి, వాళ్ల బట్ట అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని నలిపి చూసేవాడు. ఆడవాళ్లకి లోపలి లంగా అంచు కూడా. సిగ్గూ గిగ్గూ ఏమీ లేదు. నలిపి, "బాగుంది, పో," అనేవాడు. ఆ మాట అంటేనే లోపలికి అడుగు.

జనవరిలో, గాలి పొడిగా ఉన్న రోజున, పదకొండింటికి ఆ గది పేలిపోయింది. తాచో అక్కడికక్కడే పోయాడు. తొమాసాని కప్పు కింద నుంచి లాగారు. గది యజమాని నాబోర్, తొమాసా చెల్లెలు ఒటీలియా మొగుడు, వాకిట్లో పడి దొరికాడు. వాడికి కనుబొమలు మాత్రం మాడాయి.

తాచో శవం లేవకముందే ఊరంతా మాట పాకింది. తొమాసా నైలాను లంగా కట్టుకుని గదిలోకి వెళ్లిందట! ముందు ఎవరన్నారో ఎవరికీ తెలియదట. తెలియకపోవడమేమిటి, నా బొంద! వంకాయ కూర ఎవరింట్లో మాడిందో ఊరికి ఆ చివర్నుంచి వాసన పట్టే జనం, ఇది మాత్రం ఎవరన్నారో తెలియదా? కానీ లంగా సంగతి నిజమే. గులాబి రంగుది, అంచుకి లేసు, తొమాసా పుట్టినరోజుకి ఒటీలియాయే కొనిచ్చింది. ఆ రోజు కట్టుకుందా లేదా? అదే తొమాసాకి గుర్తు లేదు. అంబులెన్సు వాళ్లు బట్టలు కత్తిరించి ఎక్కడో పారేశారు. అడిగితే చెప్పేవాడు తాచో ఒక్కడే, ఆయన మట్టిలో ఉన్నాడు.

దాని నిజమైన నొప్పి అది. తోలు ఊడే నొప్పికి సూది ఉంది. తాతని నేనే చంపానా అన్నదానికి సూది లేదు.

పైగా నాబోర్ కబురు పంపాడు. శుక్రవారం కాగితం తెస్తాడట, దాని మీద వేలిముద్ర వెయ్యాలట. నైలాను కట్టుకుని వెళ్లింది నేనే, యజమానికి తెలియదు అని. అది ఉంటే లైసెన్సు నిలబడుతుందట. ముద్ర వేస్తే తొమాసాని మా ఊళ్లో ఏ బల్ల దగ్గరికీ రానివ్వరు. తాచోని చంపిన మనిషిగానే బతకాలి, అలాగే చావాలి.

ఇక ఆ కట్టు మార్చే గంట. మొదటి వారం తువ్వాలు కొరికింది. రెండు తువ్వాళ్లు చిరిగాయి, ఒక పన్ను కదిలింది. కట్టు కట్టేవాడు ఇలారియో అని నర్సు, లావుపాటి మనిషి, చేతులు మాత్రం మెత్తన. "తువ్వాలు వదిలెయ్యండక్కా, తిట్టండి," అన్నాడు. "తిడితే నొప్పి తగ్గుతుంది. ఎవర్నైనా తిట్టుకోండి, మా అమ్మని తప్ప."

తొమాసా తిట్టింది. "నీ మొహం మండ! నీ చేతులు తగలెయ్య! నీ ఇల్లు బూడిదైపోను!"

"అక్కా, ఇది కాలినవాళ్ల వార్డు," అన్నాడు ఇలారియో. "ఇక్కడ ఆ తిట్లు పనిచెయ్యవు."

పక్క మంచం మీద కడుపంతా కాలిన మనిషి నవ్వబోయి, నవ్వితే కుట్లు లాగి, వాడూ తిట్టాడు. వారం తిరిగేసరికి వార్డులో అందరికీ తొమాసా తిట్లు వచ్చేశాయి. తిట్లు కొంత పనిచేశాయి కూడా. మెడ దగ్గరా మోచేతుల దగ్గరా పనిచేశాయి. కుడిచేతి వేళ్ల దగ్గరకొచ్చేసరికి చాలలేదు.

ఆ వేళ్లు బిగుసుకుపోతున్నాయి. బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. మధ్యలో బఠాణీ గింజంత సందు మిగిలిపోయింది, రోజూ ఇలారియో వాటిని వంచేవాడు. "ఇవి కలవకపోతే చెంచా కూడా పట్టలేరక్కా," అనేవాడు. అలా వంచుతుంటే ఒకరోజు తొమాసా తనకి తెలియకుండానే చక్రం కట్టడం మొదలెట్టింది. మనసులోనే. రెల్లుకర్ర కోసింది. చీల్చింది. వంచి కట్టింది. గొట్టానికి అడుగున మట్టి దట్టించింది, పైన మందు, దాని పైన వత్తి. ఒకటో గొట్టం, రెండో గొట్టం. ఇరవై నాలుగు ఉండాలి. ఒక్క పనీ దాటెయ్యకుండా వరసలో చేస్తున్నంతసేపూ నొప్పి గుమ్మం బయటే నిలబడింది. ఒక్క ముడి మర్చిపోతే చాలు, లోపలికి దూకేసేది. సముద్రం చెయ్యలేని పని ఆ చక్రం చేసింది.

కానీ ఒక చిక్కు. ఎన్నిసార్లు మొదలెట్టినా పని మొదలు బల్ల దగ్గర నుంచే వచ్చేది. బల్ల ముందు ఏముంది? తొట్టి. తొట్టి ముందు? సావిట్లో బట్టలు మార్చుకోవడం. అక్కడికి వెళ్లబోతే మత్తుమందు పొగలా కమ్మేసేది. ఆ పొగలో ఒకసారి నూలు లంగా కనపడేది, ఇంకోసారి గులాబి లంగా.

గురువారం పొద్దున్న ఇలారియో సూది తీసుకొచ్చాడు. "వద్దు," అంది తొమాసా. "ముందు వేళ్లు వంచు. తర్వాత పొడువు."

"పిచ్చెక్కిందా? ఆ నొప్పికి గోడలెక్కుతారు!"

"ఎక్కుతాను. రేపు ఆ వెధవ కాగితం తెస్తాడు. నాకు బుర్ర కావాలి ఇలారియో. ఆ రోజు నా ఒంటిమీద ఏముందో నాకు తెలియాలి. నేనే చంపి ఉంటే వేలిముద్ర నేనే వేస్తాను. వాడు అడగక్కర్లేదు."

ఇలారియో సూది పళ్లెంలో పెట్టాడు. డాక్టరుకి చెప్పొద్దని చెప్పి, వేళ్లు పట్టుకున్నాడు.

ఆ నొప్పి సంగతి నేను రాయను. రాస్తే చదివేవాళ్లకి అర్థమైనట్టుంటుంది, అర్థం కాదు. తొమాసా మాత్రం ఆ పేలుడు రోజు పొద్దున నిద్ర లేచిన దగ్గర నుంచి మొదలెట్టింది. కాఫీ పెట్టింది. సావిట్లోకి వెళ్లింది. మేకుకి వేలాడుతున్న గౌను తీసింది. తొట్టిలో చేతులు ముంచింది, పైన సన్నగా మంచు పేరుకుని ఉంది, చేతులు జివ్వుమన్నాయి. గుమ్మం. తాచో. ఆయన గోళ్ల కింద ఎప్పుడూ ఉండే నలుపు. ఆయన తొమాసా గౌను అంచు నలిపాడు. లోపలి లంగా అంచు నలిపాడు.

"బాగుంది, పో పిల్లా."

నలభై ఏళ్లుగా అదే మాట. నలభై తొమ్మిదేళ్లొచ్చినా ఆయనకి అది పిల్లే.

"ఆగమంటారా?" అంటున్నాడు ఇలారియో.

"ఆపావంటే చంపేస్తాను!"

బల్ల. రెల్లు. మట్టి. పన్నెండో గొట్టం. గుమ్మంలో వెలుగు తగ్గింది, ఎవరో అడ్డొచ్చారు. నాబోర్. ఎన్నికల్లో పంచిన నీలం నైలాను జర్కిన్, మెరిసిపోతోంది, వీపంతా పోటీ చేసిన నాయకుడి మొహం. తాచో చెయ్యి చాపాడు. నాబోర్ ఆ చేతిని తోసేశాడు. "నన్నూ తడుముతావా తాతా? పెళ్లికూతుర్ననుకున్నావా?" అని నవ్వాడు. తాచో ఏదో అనబోయాడు. యజమానిని ఏమంటాడు? గదిలో వేడిగా ఉందని నాబోర్ గుమ్మం పక్కనే నిలబడి జర్కిన్ విప్పాడు, లోపల ఉన్ని స్వెట్టరు. చిటపట. తాచో ఒళ్లో జల్లెడ, జల్లెడలో వెండి మందు.

ఆ తర్వాత తెలుపు.

తొమాసా కేకకి వార్డంతా లేచి కూర్చుంది. ఇలారియో వేళ్లు వదిలేసి సూది పొడిచేశాడు. బఠాణీ గింజ సందు ఇంకా మిగిలే ఉంది.

శుక్రవారం పదకొండింటికి నాబోర్ వచ్చాడు, వెనక ఒటీలియా. కమలాపళ్ల సంచీ, కాగితం, సిరాడబ్బా. దువ్విన తల, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కనుబొమలు మళ్లీ మొలుస్తున్నాయి.

"ఎలా ఉన్నావు వదినా? నీకోసం రోజూ కొవ్వొత్తి వెలిగిస్తున్నాం."

"నా దగ్గర ఇంకేం వెలిగించకు నాబోర్," అంది తొమాసా.

వాడు నవ్వాలో మానాలో తెలియక సిరాడబ్బా మూత తీశాడు. "ఒక్క ముద్ర. ఎవరూ నిన్ను తప్పు పట్టరు, పొరపాటు మనుషులకే జరుగుతుంది. ఏ వేలైనా ఫరవాలేదట."

"ఇలా దగ్గరికి రా. ఇంకా దగ్గరికి."

వాడు వంగాడు. తొమాసా కుడిచెయ్యి దుప్పటి కింద నుంచి తీసింది. ఒటీలియా మొహం తిప్పేసుకుంది, అక్క చేతిని ఆమె చూడలేకపోయింది. ఆ చెయ్యి మెల్లగా వెళ్లి నాబోర్ చొక్కా అంచుని అందుకుంది. తొమాసా పెదాలు కదులుతున్నాయి. రెల్లు. చీల్చు. వంచు. కట్టు. చెమట మెడ మీది పచ్చిపుండులోకి జారింది. బొటనవేలు వణికింది, చూపుడువేలు వణికింది, కొత్తగా కప్పిన తోలు పగిలి సన్నగా రక్తం వచ్చింది. రెండు వేళ్లూ బట్ట మీద కలిశాయి. నలిపాయి.

"నూలే," అంది తొమాసా. "ఇవాళ నూలు వేసుకొచ్చావు."

నాబోర్ వెనక్కి లాక్కోబోయాడు. ఆ వేళ్లు వదల్లేదు.

"ఆ రోజు తాత చెయ్యి చాపితే ఏమన్నావురా? పెళ్లికూతుర్ననుకున్నావా అన్నావు. నీలం జర్కిన్ ఆయన పక్కనే నిలబడి విప్పావు."

"మత్తుమందులో ఏదేదో వాగుతోంది," అన్నాడు నాబోర్ పెళ్లాం వైపు తిరిగి. "నేను ఆ రోజు గదిలోకే వెళ్లలేదు. వాకిట్లో ఉన్నాను. అందరికీ తెలుసు."

ఒటీలియా కమలాపళ్ల సంచీ కింద పెట్టింది. ఆమె ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. "ఆ జర్కిన్ ఏదని అడిగాను నిన్ను," అంది. "పేలుడులో కాలిపోయిందన్నావు."

"అవును, కాలిపోయింది."

"నువ్వు వాకిట్లో ఉన్నావు. అది గదిలో కాలిందా? జర్కిన్ ఒక్కటే నడిచి వెళ్లిందా?"

నాబోర్ చొక్కా అంచు గట్టిగా గుంజుకున్నాడు. పక్క మంచం మనిషి తొమాసా నేర్పిన తిట్టు ఒకటి మెల్లగా, చక్కగా, ఆపకుండా తిట్టాడు. ఒటీలియా ఆ కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన జాకెట్లో దోపుకుంది. "ఇది నా దగ్గరే ఉంటుంది," అంది. "లైసెన్సు ఆఫీసుకి నేను తీసుకెళ్తాను. నువ్వు బస్సులో ఇంటికి పో."

చొక్కా అంచు మీద ఎర్రటి మరకతో నాబోర్ వెళ్లిపోయాడు. తొమాసా వేళ్లు అలాగే కలిసి ఉన్నాయి, వాటిని విప్పడానికి ఇలారియో రావలసి వచ్చింది. ఇన్ని రోజులూ ఎన్ని కట్లు విప్పినా కన్నీరు పెట్టని మనిషి, అప్పుడు ఏడ్చింది. వార్డంతా వినేలా ఏడ్చింది.

"నొప్పిగా ఉందా అక్కా?" అంది ఒటీలియా.

"తాత నా అంచు పట్టి చూశాడే," అంది తొమాసా. "బాగుంది, పో అన్నాడు."